గుండ్రని అక్షరానికి గోడలు

ఏ పిల్లవాడి నోటుపుస్తకమయినా తీసి మొదటి పేజీ చూడండి. లెక్కల పుస్తకం కానివ్వండి, సైన్సు పుస్తకం కానివ్వండి, అక్కడ వాడి పేరు బ్రహ్మాండంగా కనిపిస్తుంది. ఒక్కొక్క అక్షరం ఇటికెతో కట్టినట్టు, పెట్టె పక్కన పెట్టె పేర్చినట్టు, కాగితం మీదనుంచి లేచి నిలబడుతుంది. ఒకవైపు నల్లగా పెన్సిలు రుద్ది నీడ కూడా పెడతాడు. పాఠం చెబుతూ వుంటే వినడుగాని, యీ పని మాత్రం మహా శ్రద్ధగా చేస్తాడు.

అయితే ఆ అక్షరాలు ఏ భాషవి? నూటికి తొంభై పాళ్లు ఇంగ్లీషువి. "నాయనా, యిదే పేరు తెలుగులో యిట్లా గియ్యి" అనండి. వాడు మీ మొహం చూసి నవ్వుతాడు. "తెలుగుకు అట్లా రాదు సార్" అంటాడు.

రాదా? ఎందుకు రాదు? యీ చిన్న ప్రశ్న వెనక పెద్ద సంగతే వుంది. గంభీరమయినవన్నీ, దర్జా అయినవన్నీ ఇంగ్లీషులోనే కుదురుతాయనీ, తెలుగు కేవలం పరీక్షలో మార్కులకనీ పిల్లలు పదేళ్ల వయస్సులోనే నిశ్చయించుకుంటున్నారు. తెలంగాణలో బడులన్నిటిలోనూ తెలుగు తప్పక బోధించాలని 2018లో చట్టం వచ్చింది. మంచిదే. కాని చట్టం అక్షరాన్ని బడిలోకి తెస్తుంది. పిల్లవాడి నోటుపుస్తకం మొదటి పేజీ మీదికి తేలేదు. అక్కడికి అది తనంతట తానే రావాలి, ముచ్చటపడి రావాలి.

అందుకని యీ వారం పెద్దలకూ, ఉపాధ్యాయులకూ తెలుగక్షరానికి మందం తెప్పించే విద్య చెబుతాను. ఖర్చు ఏమీ లేదు. పెన్సిలు, కాగితం, నిరుడు వచ్చిన ఒక పెళ్లిపత్రిక అట్ట, చిన్న కత్తెర, ఒక డజను గాజులు వుంటే చాలు.

మూలలు లేని చిక్కు

ఇంగ్లీషు పెద్దబడి అక్షరాలు చాలావరకు నిలువుగీతలూ అడ్డగీతలూ. గీతకూ గీతకూ మధ్య మూల వుంటుంది. ప్రతి మూలనుంచీ ఏటవాలుగా ఒక గీత లాగి, ఆ గీతల చివరలు కలిపితే పెట్టె అయిపోతుంది. పిల్లలు ఒకరినొకరు చూసి నేర్చుకునే కిటుకు యిదే.

మన అక్షరాలు అట్లా కావు. తాటాకు మీద గంటంతో రాసిన జాతి మనది. ఆకు ఈనె వెంట నిడుపాటి గీత గీస్తే ఆకు చీలుతుంది గనుక అక్షరాలు గుండ్రబడ్డాయని పెద్దలు చెప్పే మాట మీరూ వినే వుంటారు. కారణం ఏదయినా సున్న, సున్నలో సగం, సున్న పక్కన సున్న - యిదే మన లిపి సొగసు. ఆ సొగసే యిక్కడ చిక్కు.

హనుమకొండలో కొందరు పిల్లలకు యీ విద్య నేర్పుతూ వుంటే ఆరోతరగతి చదివే చిన్నది ఒకతి చటుక్కున అడిగింది:

"సార్, సున్నకు మూలలే లేవు గద! గీత యాడికెంచి గుంజాలె?"

ఎంత చక్కటి ప్రశ్నో చూడండి. యీ విద్యలోని మర్మమంతా అందులోనే వుంది.

"గీత గుంజకు బిడ్డా. అక్షరాన్నే జరుపు" అన్నాను.

అట్టముక్క కిటుకు

పెళ్లిపత్రిక అట్ట మీద ఒక సున్న గీయించండి. బయటి వలయం అడ్డుకొలత 6 సెంటీమీటర్లు, లోపలి రంధ్రం 3 సెంటీమీటర్లు వుంటే చేతికి అనువుగా వుంటుంది. దాన్ని కత్తిరించండి. గారెలాంటి అట్టముక్క వస్తుంది.

దీన్ని కాగితం మీద పెట్టి బయటా లోపలా పెన్సిలు తిప్పించండి. యిది ముందు ముఖం. యిప్పుడు అట్టముక్కను గుండ్రంగా తిప్పకుండా, తిన్నగా కుడివైపుకు 1 సెంటీమీటరు, కిందికి 1 సెంటీమీటరు జరిపించండి. మళ్లీ పెన్సిలు తిప్పించండి, యీసారి బహు తేలికగా. యిది వెనక ముఖం. అట్ట తీసేస్తే ఒకదాని మీద ఒకటి ఎక్కిన రెండు వలయాలు కనిపిస్తాయి.

యిక స్కేలు తీసుకుని రెండు వలయాలకూ ఒకేసారి ఆనేటట్టు పెట్టాలి. అట్లా ఆనే చోట్లు రెండే రెండు. ఒకటి పైన కుడిచేతివైపు, ఒకటి కింద ఎడమచేతివైపు. ఆ రెండుచోట్లా చిన్న గీత గీస్తే బయటి గోడ పూర్తయింది. మూలలు లేని సున్నకు గీత ఎక్కడినుంచి లాగాలో యిప్పుడు తెలిసింది కదా! జరిపిన దిక్కుకు సమాంతరంగా వంపు ఎక్కడ వుంటే అక్కడ. రేఖాగణితంలో వృత్తాన్ని ఒక్క బిందువు దగ్గర తాకి పోయే గీతను స్పర్శరేఖ అంటారు. ఆ మాట పైతరగతుల్లో వినబోయే పిల్ల, ఆరోతరగతిలోనే దాన్ని చేత్తో గీసేసింది.

డజను గాజుల పాఠం

బయటి గోడ వచ్చింది. లోపలి గోడో? యిక్కడ పదిమందిలో ఎనిమిదిమంది పొరపడతారు. బయట కుడివైపున కిందిగా మందం పెట్టాము గనుక రంధ్రంలోనూ కుడివైపునే కిందిగా మందం పెడతారు. పెట్టి, "ఏందో తేడ కొడుతున్నది సార్" అంటారు. తేడా కొడుతున్నదని కంటికి తెలుస్తుంది. ఎందుకో బుద్ధికి తెలియదు. అప్పుడు వెంటనే రబ్బరుతో చెరిపించవద్దు. ఇంట్లోనుంచి ఒక డజను గాజులు తెప్పించండి.

గాజులన్నీ ఒకదాని మీద ఒకటి దొంతర పెట్టి, దారంతో కట్టి, గొట్టంలాగా చేయండి. పిల్లవాడి ముందు ఎత్తి పట్టుకుని, బయటి గోడ కుడిపక్కా కిందా కనిపించేటట్టు కొంచెం వంచండి. యిప్పుడు లోపలికి చూడమనండి. లోపలి గోడ ఎక్కడ కనిపిస్తున్నది? ఎడమవైపున, పైన! నెలవంకలాగా కనిపిస్తుంది. బయటి గోడ ఒక దిక్కున కనిపిస్తే లోపలి గోడ దానికి ఎదుటి దిక్కున కనిపిస్తుంది. బావిలోకి కుడివైపునుంచి తొంగిచూసినవాడికి కనిపించేది ఎడమవైపు గోడే కదా!

యీ సంగతి ఒకసారి కళ్లారా చూసినవాడు జన్మలో మరిచిపోడు. తరువాత సూత్రం చెప్పండి: "అక్షరం ఒంటికి ఎన్నో అంచులు వుంటాయి. ప్రతి అంచునూ నువ్వు ఎటు చూస్తున్నావని అడుగు. కుడివైపుకో, కిందికో చూస్తున్నానంటే దానికి గోడ కట్టు. పైకో, ఎడమవైపుకో చూస్తున్నానంటే వదిలెయ్యి." రంధ్రంలో ఎడమవైపు పైన వున్న అంచు కుడివైపుకూ కిందికీ చూస్తున్నది, అందుకే దానికి గోడ వచ్చింది. బయటికీ లోపలికీ రెండు సూత్రాలు అక్కరలేదు. తెలుగు లిపి యావత్తూ యీ ఒక్క ప్రశ్నతో సాగిపోతుంది.

ఏ అక్షరం ముందు, ఏది తరువాత

అ ఆ ఇ ఈ వరుసలో పోతే పిల్లలు బెదిరిపోతారు. 'అ' చూడటానికి మొదటి అక్షరమేగాని గీయటానికి మొదటిది కాదు. ముందు నిండుసున్న. తరువాత 'గ'. అది గుర్రపునాడాను బోర్లించినట్టు వుంటుంది, లోపల మూసిన రంధ్రం లేదు. ఎడమకాలికి లోపలివైపున గోడ వస్తుంది, కుడికాలికి బయటివైపున వస్తుంది. మూడవది 'ర'. సున్నకు తలకట్టు పెట్టినట్టే. నాలుగవది 'ఠ'. యిది భలే అక్షరం! రంధ్రం మధ్య ఒక చుక్క ఒంటరిగా వుంటుంది. రంధ్రానికి గోడ ఎడమవైపు పైన. ఆ చుక్కకు మాత్రం కుడివైపు కింద. యిది తప్పులేకుండా గీసినవాడికి విద్య వచ్చినట్టే లెక్క.

తలకట్టు సంగతి కొంచెం జాగ్రత్తగా చూసుకోవాలి. దాన్ని సన్నగా గీస్తే కింద అక్షరం పహిల్వానులాగా, పైన టోపీ పిల్లవాడిదిలాగా వుంటుంది. అక్షరం గీత ఎంత లావో తలకట్టూ ఇంచుమించు అంత లావు వుండాలి. తలకట్టుకూ అక్షరానికీ నడుమ సందు వుంటే, తలకట్టు గోడ ఆ సందులోనే యిమిడిపోవాలి.

తరువాత వొత్తులు. 'ఓరుగల్లు' అని రాయమనండి. 'ల్లు' దగ్గర చిక్కు వస్తుంది. పై అక్షరపు గోడ కిందికి దిగి వొత్తు నెత్తిన పడుతుంది. దీనికి మూడు మందులున్నాయి. వొత్తును మామూలుకన్న కొంచెం దూరంగా పెట్టటం ఒకటి. మందం సగానికి తగ్గించటం రెండు. గోడల్ని కిందికి కాక పైకి పోనివ్వటం మూడు. మూడవ మందులో అట్టముక్కను కుడివైపుకూ పైకీ జరపాలి. అప్పుడు పైకి చూసే అంచులకు గోడలు వస్తాయి. వొత్తులు ఎక్కువ వున్న పేర్లకు యిదే నయం.

మరి ఒక మాట. మందం వేరు, నీడ వేరు. మందం అక్షరాన్ని అంటిపెట్టుకుని వుంటుంది. అది దాని ఒళ్లు. నీడ వెనక గోడ మీద పడుతుంది. అక్షరాన్ని అంటకుండా దూరంగానూ వుండవచ్చు. పిల్లలు రెంటినీ కలిపేస్తారు. ముందు మందం బాగా వచ్చిన తరువాతనే నీడ జోలికి పోనివ్వండి.

ఏ వయస్సుకు ఏది

ఐదేళ్ల పిల్లవాణ్ణి పెట్టె బొమ్మ గియ్యమంటే ఒక చదరం గీసి వూరుకుంటాడు. యింకొన్నాళ్లకు చదరం పక్కన చదరం అంటిస్తాడు, పెట్టెను విప్పి నేలమీద పరిచినట్టు. వాడికి తెలిసినదంతా గీస్తాడు, కనిపించినది కాదు. ఒక్క చోట నిలబడి చూస్తే ఏది కనిపిస్తుందో అది మాత్రమే గియ్యటం ఎనిమిది తొమ్మిదేళ్ల తరువాతగాని రాదు. స్విట్జర్లాండు పండితులు పియాజే, ఇన్‌హెల్డర్ పిల్లలు స్థలాన్ని ఎట్లా గ్రహిస్తారో పరిశోధించి 1948లో పెద్ద గ్రంథమే వెలువరించారు. కాబట్టి చిన్నవాడు మందం సరిగా గియ్యలేకపోతే తెలివితక్కువ అనుకోవద్దు. వాడికి అట్టముక్క యిచ్చి జరపనివ్వండి, రంగులు పూయనివ్వండి, చాలు. తొమ్మిదేళ్లు దాటినవాడికి అట్ట తీసేసి కంటితో గీయించండి. పన్నెండేళ్లవాడికి గీతలన్నీ ఒక్క బిందువుకు చేరే పద్ధతి చూపించండి.

యీ బిందువు సంగతి మనవాళ్లకు బోధించటం సులభం. కాజీపేట స్టేషనులో ప్లాట్‌ఫారం చివర నిలబడి పట్టాలను చూడమనండి. పోనుపోను రెండు పట్టాలూ ఒక్కచోట కలిసినట్టు కనిపిస్తాయి. ఇటలీ దేశంలో ఆల్బెర్టి అనే మహానుభావుడు 1435లో చిత్రకళను గురించి రాస్తూ యీ విషయాన్ని శాస్త్రంగా నిరూపించాడు. కాగితం పైన ఒక గుండుసూది గుచ్చి, దానికి దారం కట్టి, అక్షరపు ఒక్కొక్క అంచుకూ దారం బిగలాగి దానివెంట గీత గీస్తే అక్షరాలన్నీ దూరంనుంచి పరుగెత్తుకుని వస్తున్నట్టు వుంటాయి. సినిమాపోస్టర్ల మర్మం యిదే. 1959లో వచ్చిన 'బెన్‌హర్' చిత్రానికి పోస్టరు వేసినవారు పేరును కొండరాతిలో తొలిచిన మహాకట్టడంలాగా చూపించారు. తక్కిన దేశాలవారూ ఆ ఫక్కీని ఎంతగానో అనుకరించారు.

రాతిలో వున్న పాఠం

వాళ్లు కాగితం మీద రాతి అక్షరాల బొమ్మ గీశారు. మనకు నిజం రాతిలోనే అక్షరాలున్నాయి. ఓరుగల్లు అంటేనే ఒక రాయి, ఏకశిలానగరం. హనుమకొండ వేయిస్తంభాల గుడిలో కాకతి రుద్రదేవుడు 1163లో వేయించిన శాసనం వుంది. అచింతేంద్రుడు రచించిన ఆ శాసనం భాష సంస్కృతం; లిపి మాత్రం తెలుగుకూ కన్నడానికీ ఉమ్మడిగా వుండిన ఆనాటి లిపి. పాలంపేట రామప్పగుడి దగ్గర రేచర్ల రుద్రుడు 1213లో వేయించిన శాసనం వుంది. ఆ గుడికి 2021లో ప్రపంచ వారసత్వ కట్టడంగా గుర్తింపు వచ్చింది.

పిల్లల్ని అక్కడికి తీసుకుపోయినప్పుడు రాజుల పేర్లూ తేదీలూ వల్లె వేయించటంతోనే సరిపెట్టవద్దు. అక్షరం దగ్గర కూర్చోబెట్టి ఒక్క ప్రశ్న అడగండి: "యీ అక్షరం రాతి పైకి లేచి వున్నదా, రాతి లోపలికి దిగి వున్నదా?" లోపలికి దిగి వున్నది. శిల్పి ఉలితో తొలిచాడు. గోలకొండ దగ్గర కుతుబ్‌షాహీల సమాధులకు పోతే అరబ్బీ అక్షరాలు ఉబ్బెత్తుగా వుంటాయి. అక్కడ అక్షరాన్ని వుంచి చుట్టూ వున్న రాతిని తొలిచారు. అక్షరానికి మందం యివ్వటంలో మన దేశంలో వున్న రెండు దారులూ యివే. రెండూ మన రాష్ట్రంలోనే కళ్లముందు వున్నాయి.

కాగితం మీద యీ రెంటికీ భేదం చూపించటానికి వెలుగు ఒక్కటే ఆధారం. వెలుగు పైనుంచి వస్తుందని మన కన్ను అనుకుంటుంది. సూర్యుడు పైనే వుంటాడు కదా. గీత కింది అంచు నల్లబడితే అక్షరం పైకి లేచినట్టు కనిపిస్తుంది. పై అంచు నల్లబడితే లోపలికి తొలిచినట్టు కనిపిస్తుంది. గీసిన బొమ్మను తలకిందులు చేసి చూడమనండి. లేచినది దిగుతుంది, దిగినది లేస్తుంది! పిల్లలు కేకలు వేస్తారు.

ఒక హెచ్చరిక. శాసనం బాగా కనిపించాలని అక్షరాల మీద సుద్ద రుద్దటం, బొగ్గు పూయటం, కాగితం పెట్టి గీకటం మహాపరాధం. ఎనిమిది వందల యేళ్లు నిలిచిన రాతిని మన ముచ్చట కోసం పాడుచేయకూడదు. పొద్దున్నో సాయంత్రమో ఎండ ఏటవాలుగా పడేటప్పుడు పోతే అక్షరాలు వాటంతట అవే లేచి కనిపిస్తాయి. కాగితం పెట్టి పెన్సిలు రుద్దే సరదా తీరాలంటే ఇంట్లో రూపాయి నాణెం వుండనే వున్నది.

గోడమీద రాసిన చేతులు

యీ విద్య మనకు కొత్తదేమీ కాదు. మొన్నమొన్నటిదాకా మన బజార్లన్నీ యీ అక్షరాలతో కళకళలాడేవి. బట్టలకొట్టు బోర్డులు, సినిమాహాళ్ల బానర్లు, ఎరువుల ప్రకటనలు, ఎన్నికల గోడలు - ఏ పుస్తకమూ చదవకుండా, ఏ కాలేజీలోనూ చేరకుండా 'ల్లు'కూ 'ష్ట్ర'కూ గోడలు కట్టినవాళ్లు వాటిని రాశారు. పత్రికల్లో కథల పేర్లకు బాపుగారు రాసిన అక్షరాలు చూసి ఎన్నివేలమంది చేతులు తిప్పుకున్నారో చెప్పలేము. ఆయన 2014లో పోయారు. ఆయన చేతిరాత కంప్యూటరు అక్షరాలై పెళ్లిపత్రికల మీద యింకా నడుస్తూనే వుంది.

ప్లాస్టిక్కు ఫ్లెక్సీలు వచ్చిన తరువాత బోర్డులు రాసేవారి బతుకు తలకిందులయింది. యంత్రం గంటలో చేసే పనికి మూడురోజులు ఎవరు ఆగుతారు? కొందరు ఇళ్లకు రంగులు వేసే పనికి పోయారు. కొందరు ఆటో నడుపుతున్నారు. వరంగల్లులో అట్లాంటి పెద్దాయన ఒకరిని పిల్లలకు చూపించమని పిలిస్తే మొహమాటపడుతూనే వచ్చారు. మాటలేమీ చెప్పలేదు. సుద్దపొడి రాసిన దారం లాగి గోడ మీద నాలుగు వరుసలు టపటపా కొట్టారు.

"తాతా, ఇంగ్లీషుకు రెండే లైన్లు గద?" అన్నాడొక పిల్లవాడు.

"అది దానికి సాల్తది కొడుకా. మనదానికి తలకట్టుకో లైను, వొత్తుకో లైను గావాలె. ముందుగల జాగ పెట్టకుంటే ఎనుక యిరికియ్యాలంటే యాడైతది?" అన్నారాయన.

యీ ముక్క ఏ చిత్రలేఖనం పుస్తకంలోనూ నాకు కనిపించలేదు. మీ వూళ్లోనూ అట్లాంటి పెద్దమనిషి ఎక్కడో వుండే వుంటారు. బడి వార్షికోత్సవానికి వెయ్యి రూపాయలు ఫ్లెక్సీకి పోసే బదులు, ఆయన్ని పిలిచి ఆ వెయ్యి రూపాయలూ ఆయన చేతిలో పెట్టి, పిల్లల ఎదుట గోడ మీద బడి పేరు రాయించండి. బడికి బోర్డు వస్తుంది, పిల్లలకు పాఠం వస్తుంది, ఆయనకు మర్యాద దక్కుతుంది.

దీనివల్ల లాభమేమిటి?

పెద్దలు తప్పక అడిగే ప్రశ్న యిది. మార్కులు పెరుగుతాయా? వెంటనే పెరగవు. యీ బొమ్మలు గీసినంతమాత్రాన వొత్తులూ దీర్ఘాలూ తప్పులేకుండా వస్తాయని చెబితే అది బూటకం. దానికి చదవటమూ రాయటమూ తప్ప వేరే మార్గం లేదు.

కాని ఒక లాభం మాత్రం నిశ్చయంగా వుంది. పన్నెండు తరగతులు దాటి కాలేజీకి వచ్చినవాళ్లలోనూ 'ప'కూ 'వ'కూ, 'ద'కూ 'ధ'కూ తేడా తెలియకుండా గిలికేసేవాళ్లున్నారు. వాళ్లు అక్షరాన్ని వేలసార్లు రాశారు, ఒక్కసారీ చూడలేదు. మందం గియ్యాలంటే చూడక తప్పదు. తలకట్టు ఎక్కడ అంటుతుంది, ఎక్కడ విడిపోతుంది, గీత ఎక్కడ తెరుచుకుంది, ఎక్కడ మూసుకుంది, వొత్తు ఎక్కడ తగులుకుంది - అంగుళం అంగుళం చూస్తేగాని గోడ కట్టటం సాధ్యం కాదు. అట్లా చూసిన అక్షరం చేతిలోంచి జారిపోదు.

యిందాక గాజుల దొంతరలోకి తొంగిచూసిన చిన్నది వారం తిరక్కుండా తన పేరు తెలుగులో గీసి తెచ్చింది. పేరులో రెండు వొత్తులు. గోడలన్నీ పైకి పోనిచ్చింది. పక్కపిల్ల ఆ కాగితం లాక్కుని, "నా పేరు గూడ గియ్యవే" అంటూ వెంటపడ్డది. ఆ మాట ఏ ఉపన్యాసం వల్లా రాదు.

దసరా సెలవులు వచ్చినప్పుడు మీ ఇంటి గేటుకు పేరు రాసే పని మీ పిల్లలకు అప్పగించండి. అట్ట మీదనే రాయనివ్వండి, వంకరపోతే పోనివ్వండి. ముందు నాలుగు గీతలు కొట్టించటం మాత్రం మరిచిపోకండి. వొత్తుకు జాగా కావాలి మరి!